మీ వీధి రోడ్డు లెక్క ఎక్కడ తప్పుతుంది?

అందరికీ నమస్కారం. పెరంబూరు నుంచి, కోడంబాక్కం నుంచి, టీ నగర్ నుంచి పనులు మానుకుని వచ్చారు. మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న ఒకటే: మా వీధికి డబ్బు మంజూరైందన్నారు, రోడ్డు వేశారు, రెండు వానలకే లేచిపోయింది, ఆ డబ్బేమైంది? చెన్నై కార్పొరేషన్ ఆఫీసైన రిప్పన్ బిల్డింగ్‌లో కౌన్సిల్ తీర్మానం చేసిన రోజున అది పోలేదు. అంతకు ముందు ఎస్టిమేట్ రాసేటప్పుడో, ఆ తర్వాత కొలతలు రాసేటప్పుడో పోతుంది. కాబట్టి ఆ రెండు చోట్ల గురించే ఎక్కువ చెబుతాను.

ముందు కౌన్సిల్ సంగతి. చెన్నైలో 200 వార్డులు, వాటిని కలిపి మండలాలు (జోన్లు). 2016 అక్టోబరు నుంచి 2022 ఎన్నికల దాకా కౌన్సిలే లేదు, అధికారి పాలన నడిచింది. అడగడానికి మనిషి లేని ఆ అయిదేళ్లు గుర్తుంటే, ఇప్పుడున్న కౌన్సిలర్ విలువ తెలుస్తుంది. బడ్జెట్‌లో రోడ్లకు ఇన్ని కోట్లని ఉంటుందే తప్ప మీ వీధి పేరు ఉండదు. ఏ వీధికి ఎంతన్నది వార్డు ఇంజనీరు తయారుచేసే జాబితాలో తేలుతుంది. బస్సులు తిరిగే రోడ్లకు విడిగా ఒక విభాగం ఉంది, లోపలి వీధులు మండల ఆఫీసు చూస్తుంది. అర్జీ తప్పు చోట ఇస్తే నెలలు గడిచిపోతాయి. కౌన్సిల్ సమావేశంలో పదుల కొద్దీ అంశాలు ఒకేసారి ఆమోదం పొందుతాయి. అక్కడ మీ వీధి గురించి చర్చ జరుగుతుందని ఎదురుచూడకండి. అజెండా చేతికందగానే కౌన్సిలర్‌ను కలవండి, లేదా వార్డు ప్రజలు కూర్చునే ఏరియా సభలో రాతపూర్వకంగా అడగండి.

ఇక ఎస్టిమేట్. ఒక వీధి 200 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు అనుకుందాం. అంటే 1,000 చదరపు మీటర్లు. 40 మిల్లీమీటర్ల మందం వేయాలంటే 40 ఘనపు మీటర్ల తారు మిశ్రమం కావాలి. రోలర్ తొక్కాక ఘనపు మీటరు బరువు సుమారు 2.3 టన్నులు, మొత్తం 92 టన్నులు. పది టన్నుల టిప్పరైతే తొమ్మిది ట్రిప్పులు దాటాలి. ఏడు ట్రిప్పులకే పని అయిపోయిందంటే మీ రోడ్డు మందం 30 మిల్లీమీటర్లే. ఇది తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, గుమ్మంలో నిలబడి బండ్లు లెక్కపెడితే చాలు. టిప్పర్ ఎన్ని టన్నులదో మాత్రం బండితో వచ్చే తూకం చీటీలో (వే బిల్లులో) చూడండి.

ఎస్టిమేట్‌లో మిల్లింగ్ ఉందో లేదో తప్పకుండా చూడాలి. పాత పొరను గీకకుండా పైపైన వేస్తూ పోతే, నాలుగు సెంటీమీటర్ల చొప్పున అయిదుసార్లకు రోడ్డు 20 సెంటీమీటర్లు లేస్తుంది. ఇంటి గడప అలాగే ఉంటుంది, వాననీళ్లు ఇంట్లోకొస్తాయి. చెన్నపట్నంలో పాత ఇళ్లవాళ్లు మెట్లు దిగి ఇంట్లోకి వెళ్తున్నది ఇందుకే. గీకకుండా రోడ్డు వేయకూడదని 2021లో రాష్ట్ర ప్రధాన కార్యదర్శే ఆదేశించారు. మీ ఎస్టిమేట్‌లో ఆ పద్దు లేకపోతే ఆ ఆదేశాన్నే చూపించి అడగండి. గీకిన తర్వాత కూడా నడి రోడ్డు అంచులకన్నా ఎత్తుగా ఉండాలి. అయిదు మీటర్ల వీధికి ఆ ఎత్తు ఆరు సెంటీమీటర్ల దాకా వస్తుంది. అది లేకపోతే నీళ్లు మధ్యలోనే నిలుస్తాయి, నిలిచిన నీళ్లే తారుకు శత్రువు.

వేసేటప్పుడు వేడి ముఖ్యం. మామూలుగా వాడే వీజీ-30 రకం తారుతో కలిపిన మిశ్రమం పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలుండాలి, రోలింగ్ 90కి పడిపోకముందే పూర్తవ్వాలి. ప్లాంట్లు ఊరి బయట ఉంటాయి, ట్రాఫిక్‌లో బండి ఆగిపోతే మిశ్రమం చల్లారుతుంది. పైన టార్పాలిన్ కప్పారో లేదో చూడండి. నీలిరంగు పొగ వస్తుంటే మరీ మాడ్చారని, మెరుపు లేకుండా గడ్డలు కట్టి జారుతుంటే చల్లారిందని అర్థం. పాత పొర మీద చల్లే జిగురు తారు చదరపు మీటరుకు పావు కిలో చొప్పున మన వీధికి 250 కిలోలు కావాలి. దుమ్ము ఊడ్చకుండా చల్లితే పై పొర అప్పడంలా లేస్తుంది.

టెండర్ ఎస్టిమేట్‌కన్నా బాగా తక్కువకు ఖరారైతే సంతోషపడకండి. కంకర, తారు, డీజిల్ ధరలు అందరికీ ఒకటే, ఆ తేడా మందంలోంచో, తారు శాతంలోంచో, కూలిలోంచో రావాలి. పని అయ్యాక కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ నకలు, రోడ్డును తొలిచి ముక్క తీసి పరీక్షించిన కోర్ కటింగ్ రిపోర్టు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 2005 నాటి ఆ చట్టంలో పనిని తనిఖీ చేయడానికి, సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా హక్కుంది. సెక్షన్ 2లోని జె క్లాజు అదే చెబుతుంది. చాలామంది కాగితాల కోసమే దరఖాస్తు పెట్టి నమూనా సంగతి వదిలేస్తున్నారు.

రోడ్ల సంగతి అలా ఉంటే, చెత్త కాంట్రాక్టుల్లో ముందు చూడాల్సింది, డబ్బు దేనికి ఇస్తున్నారని. టన్నుకింత అని ఇస్తే తడి మట్టి, గోడ రాళ్లు కూడా చెత్తలో కలుస్తాయి. మనం ఇంట్లో తడిపొడి వేరుచేస్తే కాంట్రాక్టరుకు బరువు తగ్గి నష్టం. అందుకే ఇంటింటికీ బండి వచ్చిందా, డబ్బాలు ఖాళీ అయ్యాయా అనే పనితీరు లెక్కకు మారుతున్నారు. అది మంచి మార్పే, కానీ ఆ లెక్క రాసేది కాంట్రాక్టరు మనిషే అయితే ప్రయోజనం లేదు. కూలి సంగతి కూడా అడగాలి. 2025 ఆగస్టులో రాయపురం, తిరువికా నగర్ మండలాల పారిశుధ్య కార్మికులు రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్నది పని ప్రైవేటుకు పోతే జీతం తగ్గుతుందనే భయంతో కూడా. మన వీధి ఊడ్చే మనుషుల కడుపు మీద కొట్టి మిగిల్చిన డబ్బును పొదుపని నేను ఒప్పుకోను.

చివరగా తవ్వకాలు. కొత్త రోడ్డు పాడైతే నిర్ణీత కాలం (బాధ్యత కాలం) దాకా కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలని ఒప్పందంలో ఉంటుంది. ఈలోగా నీళ్ల పైపుకో, కేబులుకో ఎవరైనా తవ్వితే తప్పు తనది కాదంటాడు. గుంతను 15 సెంటీమీటర్ల చొప్పున పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి. ఒకేసారి మట్టి తోసేస్తే అక్టోబరు వానలకు దిగబడిపోతుంది. కాబట్టి తవ్విన తేదీ, తవ్వినవాళ్లు ఎవరన్నది, పూడ్చిన తేదీ ఫొటోలతో సహా రాసి పెట్టుకోండి. బాధ్యత కాలం ముగియకముందే వార్డు ఆఫీసులో ఇచ్చే అర్జీకి అవి జత చేసి, రసీదు అడిగి తీసుకోండి.