తొందరపడకుండా ఆలోచించుకునే వ్యవధి

అందరికీ నమస్కారం.

సంపాదించే మనిషి హఠాత్తుగా పోయిన ఇంట్లో మొదటి రెండు నెలలు ఎలా గడుస్తాయో మీలో కొందరు దగ్గర్నుంచి చూసే ఉంటారు. జీతం ఆగిపోతుంది. అద్దె ఆగదు, అప్పు వాయిదా ఆగదు, స్కూలు ఫీజు ఆగదు. ఇల్లు అమ్మేయాలా, పెద్దపిల్ల చదువు మాన్పించాలా, ఎవరి దగ్గరికి వెళ్లి ఉండాలి? బుర్ర పనిచేయని ఆ రోజుల్లోనే ఇంత పెద్ద నిర్ణయాలన్నీ మీద పడతాయి. అవసరానికి అమ్ముతున్నారని తెలిస్తే కొనేవాడు ఎంతకి బేరం మొదలుపెడతాడో వేరే చెప్పక్కర్లేదు.

బీమా లాంటి ఆర్థిక రక్షణ అనగానే అందరం ‘ఎంత వస్తుంది’ అనే అడుగుతాం. నన్నడిగితే ఆ డబ్బుతో ఇంట్లోవాళ్లకు దొరికేది వ్యవధి. ఏడాదో రెండేళ్లో ఏదీ అమ్మకుండా, ఎవరి మాటకూ లొంగకుండా, నిదానంగా ఆలోచించుకునే వీలు.

దీనికో పాత కథ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండ్‌లో చర్చి పాస్టర్లు చర్చి ఇచ్చిన ఇళ్లలోనే ఉండేవారు. పాస్టరు చనిపోతే ఆ ఇల్లు కొత్తగా వచ్చినవారికి ఖాళీ చేయాలి. భార్యకు ఆరు నెలల జీతం ఇచ్చేవారు, తర్వాత ఆమె దారి ఆమెదే. రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు పాస్టర్లు దీని గురించి ఆలోచించారు. వాళ్లు చందాలు వసూలు చేయలేదు, లెక్కలు వేశారు. అన్నిచోట్ల నుంచీ వివరాలు తెప్పించుకుంటే తేలిందేమిటంటే, ఎప్పుడు చూసినా పాస్టర్లు సుమారు 930 మంది ఉంటారు, ఏడాదికి 27 మంది పోతారు, వాళ్లలో 18 మందికి భార్యలు మిగులుతారు. తోకచుక్కకు పేరిచ్చిన ఎడ్మండ్ హాలీయే 1693లో బ్రెస్లౌ నగరపు చావుపుట్టుకల నుంచి ఏ వయసువాళ్లు ఎంతమంది పోతారో ఒక పట్టిక తయారుచేశాడు, దాన్నీ వాళ్లు వాడుకున్నారు. పాస్టర్లిద్దరి లెక్కలు సరిచూడటంలో కాలిన్ మెక్‌లారిన్ అనే గణిత ఆచార్యుడు సాయపడ్డాడు. పాస్టర్లు ఏటా కొంత కడితే, పోయినవాళ్ల భార్యలకు అందులోంచి ఇచ్చే నిధి 1744లో మొదలైంది. 1765 నాటికి అందులో 58,348 పౌండ్లు ఉంటాయని అంచనా. ఆ ఏడు చూస్తే ఒక్క పౌండు తక్కువ!

ఎవరు పోతారో ఎవరూ చెప్పలేరు. ఎంతమంది పోతారో మాత్రం దాదాపుగా చెప్పొచ్చు. బీమా మొత్తం ఈ తేడా మీదే నడుస్తోంది. వెయ్యిమంది తలా కొంచెం వేస్తే, కష్టం వచ్చిన ఆ నాలుగిళ్లకు పెద్ద మొత్తం వెళ్తుంది. మిగిలినవాళ్లకు ఏమీ రాదు. ‘ఇన్నేళ్లు కట్టాను, నాకేం మిగిలింది’ అని బాధపడేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. మీకేమీ రాలేదంటే మీరు బతికే ఉన్నారని అర్థం. కట్టినదంతా వెనక్కి రావాలనే ఆశతోనే చాలామంది పొదుపు, బీమా కలిసిన పాలసీలు తీసుకుంటారు. వాటిలో ప్రీమియం బరువు ఎక్కువ, రక్షణ తక్కువ. అదే డబ్బుకు టర్మ్ పాలసీలో, అంటే గడువులోపు మనిషి పోతేనే డబ్బు వచ్చే పాలసీలో, ఎన్నో రెట్లు రక్షణ దొరుకుతుంది. నేనైతే పొదుపునూ బీమానూ కలపను.

మరి ఎంతకు తీసుకోవాలి? జీతానికి పదింతలని ఒక లెక్క చెబుతుంటారు. అది మొరటు లెక్క. ఉన్న అప్పులన్నీ రాయండి. చిన్నపిల్లాడు తన కాళ్ల మీద నిలబడేదాకా ఎన్నేళ్లో, ఏడాదికి ఇంటి ఖర్చెంతో రాయండి. అందులోంచి చేతిలో ఉన్నది తీసేయండి. ధరలను మర్చిపోవద్దు. ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. ఇంటిపని చూసుకునే ఆవిడను ఈ లెక్కలో చాలామంది వదిలేస్తారు. ఆవిడ చేసే పనులన్నీ రేపు జీతమిచ్చి చేయించుకోవాల్సి వస్తే ఎంతవుతుందో ఒకసారి కూడి చూడండి, నోరు తెరుస్తారు. పసిపిల్లల పేరున జీవిత బీమా మాత్రం నాకు అర్థం కాదు. ఆ పిల్లవాడి సంపాదన మీద ఎవరు బతుకుతున్నారు?

చావుకంటే మంచాన పడటం ఇంటికి ఎక్కువ ఖరీదు. ఆదాయం ఆగుతుంది, ఖర్చు పెరుగుతుంది, పక్కన కూర్చునేవాళ్ల ఉద్యోగం కూడా ఊగుతుంది. అందుకే వైద్య బీమా, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఆరు నెలల ఖర్చు, ఈ రెండూ ముందుండాలి. దరఖాస్తులో సిగరెట్ అలవాటు, షుగర్ జబ్బు దాచడం గురించి ఒక్కమాట. ప్రీమియం నాలుగు రూకలు తగ్గుతుందని మీరు దాస్తే, జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది మీకు కాదు, మీరు లేనప్పుడు మీవాళ్లకు.

ఇన్ని చెబుతున్న నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల కిందట జ్వరంతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. పాలసీ కాగితాలు ఎక్కడున్నాయని మా ఆవిడ అడిగితే ‘అల్మారాలో’ అన్నాను. అక్కడ లేవు. ఫోన్ తెరవడం తనకు తెలియదు, బ్యాంకు ఖాతాలు ఎన్నో తెలియదు. అశుభం మాటలెందుకని నేనే ఎప్పుడూ దాటేసేవాణ్ని. ఇంటికొచ్చాక ఒక నోటుబుక్కు తీసి అన్నీ రాశాను. పాలసీ నంబర్లు, ఖాతాలు, ఎవరికి బాకీ, ఎవరు బాకీ, ఎవరి అప్పుకు నేను హామీ సంతకం పెట్టానో కూడా. ఆ చివరిది చదివినప్పుడు ఇంట్లో కాస్త గొడవే అయింది.

ఇప్పుడు ఏడాదికోసారి ఆ పుస్తకం తనే తిరగేస్తుంది. నిరుడు ఒక పాత పాలసీ తెచ్చి నా ముందు పెట్టింది. నామినీ దగ్గర మా అమ్మ పేరే ఉంది. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు.