ఆ పిచ్చిగీతల వెనక ఎంత పనుందో చూడండి

2023లో వచ్చిన 'టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్: మ్యూటెంట్ మేహెమ్' అనే నాలుగు టీనేజ్ తాబేళ్ల యానిమేషన్ సినిమా గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకరు అనేస్తారు: "యానిమేషన్ సగంలో వదిలేశారేంటి?" ఇది విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్లు తప్పుబట్టే ఆ గీతలు గీయడమే కష్టం మరి!

మీ నోటు పుస్తకం చివరి పేజీ గుర్తు తెచ్చుకోండి. క్లాసు జరుగుతుండగా బాల్ పెన్నుతో గీసిన బొమ్మ. ఒక కన్ను పెద్దది, ఇంకోటి చిన్నది. దవడ ఓ పక్కకి పోయింది. నీడ కావాలంటే బరబరా నాలుగు గీతలు గీకేస్తాం. దర్శకుడు జెఫ్ రో కోరుకున్నది సరిగ్గా ఆ పేజీనే. టీనేజ్ పిల్లల కథ కాబట్టి, బొమ్మ కూడా ఆ వయసు చెయ్యి గీసినట్టే ఉండాలి. నాకు ఈ ఆలోచన భలే నచ్చింది.

చిక్కేంటంటే, కంప్యూటర్‌కి ఆ చివరి పేజీ దానంతటది రాదు. 3డీలో మామూలుగా సగం ముఖం చేసి, రెండో సగాన్ని అద్దంలోలా తిప్పేస్తారు. ముఖం వంకర కావాలంటే ఆ వెసులుబాటు పోయినట్టే. ఇక గీత సంగతి. కాగితం మీది గీత కదలదు. అదే గీతను గుండ్రటి చెంప మీద పెట్టి కెమెరాని పక్కకి తిప్పండి, అతికించిన దారంలా కనిపిస్తుంది. అలా కాకుండా ప్రతి కోణంలోనూ పెన్ను గీతలాగే ఉండేలా చూసుకోవాలి. వెలుగూ అంతే. కంప్యూటర్ దీపం వెలుగుని నున్నగా పరిచేస్తుంది. వీళ్లు ఆ వెలుగుని కూడా గీకారు!

కొందరు "లాగ్ అవుతోంది" అంటారు. అది లాగ్ కాదు. అదే పుస్తకంలో పేజీల మూలన బొమ్మలు వేసి టపటపా తిప్పేవాళ్లం కదా? సెకనుకి 24 ఫ్రేములు ఉన్నా, చాలాచోట్ల ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేములు నిలిపారు. అంటే సెకనుకి 12 భంగిమలే. కావాలనే చేశారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. నాలుగు తాబేళ్లకీ నిజంగా టీనేజ్ పిల్లలే గొంతిచ్చారు. వాళ్లని ఒకే గదిలో కలిపి రికార్డ్ చేశారు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయే, అది అందుకే. నిర్మాతల్లో సేథ్ రోగన్ ఉన్నాడు, తాబేళ్లని పెంచిన ఎలుక స్ప్లింటర్‌కి గొంతు జాకీ చాన్.

ఇంకొక్కటి. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లేర్డ్ సొంతంగా అచ్చేసుకున్న నలుపు తెలుపు కామిక్‌తో ఈ తాబేళ్లు జనంలోకి వచ్చాయి. దానికి ముందు ఏడాది ఈస్ట్‌మన్ సరదాకి గీసిన ముసుగు తాబేలు బొమ్మతోనే ఇదంతా మొదలైంది. అంటే అసలు పుట్టిందే చివరి పేజీలో!

ఈసారి చూసేటప్పుడు ఏదైనా రాత్రి సీన్‌ని పాజ్ చేసి, దీపం చుట్టూ ఉన్న వెలుగుని దగ్గరగా చూడండి. పెన్ను ఎటు నుంచి ఎటు కదిలిందో కనిపిస్తుంది.