42 రోజుల 6 గంటల 30 నిమిషాలు

శ్రోతలకు నమస్కారం.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, హన్మకొండలో జేఎన్ఎస్, అంటే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం గ్రౌండు తెల్లారకముందే నిండిపోతుంది. ఊళ్లల్లో అయితే బడి గ్రౌండే గతి, అదీ లేకుంటే తారు రోడ్డు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు పెట్టిన పరుగు 1,600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. అంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు వేగం.

ఇప్పుడు ఇంకొకాయన లెక్క చూద్దాం. 2016లో పీట్ కోస్టెల్నిక్ అనే అమెరికన్ శాన్ ఫ్రాన్సిస్కో సిటీ హాలు ముందు బయల్దేరి న్యూయార్క్ సిటీ హాలు దాకా పరుగెత్తాడు. ఒక ఖండాన్ని పడమటి కొస నుంచి తూర్పు కొసకు దాటాడన్న మాట. దూరం సుమారు 4,900 కిలోమీటర్లు. పట్టిన కాలం 42 రోజుల 6 గంటల 30 నిమిషాలు. సగటున రోజుకు 116 కిలోమీటర్లు పడింది. గంటకు 9 కిలోమీటర్ల చొప్పున పోయినా 13 గంటల్లో తెమిలే పనే. వేగం మాటకొస్తే మన నర్సంపేట పిల్లగాడే ముందుంటాడు!

కాకపోతే పిల్లగాడు ఏడు నిమిషాలయ్యాక నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడొచ్చు. కోస్టెల్నిక్‌కు ఆ వీలు లేదు. 116 కిలోమీటర్లంటే ఎంతో మనకు తెలిసిన దారిలో చూడండి. తెల్లవారుజామున హన్మకొండ చౌరస్తాలో మొదలుపెట్టి స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు మీదుగా పరుగెత్తితే రాత్రికి భువనగిరి గుట్ట కూడా వెనకపడాలి. అక్కడ పడుకొని లేచి, రెండోరోజు హైదరాబాద్ దాటేసి జడ్చర్ల దగ్గరికి చేరాలి. మూడోరోజూ అంతే. అట్లా ఆరు వారాలు.

ఈ రికార్డులో ఒక మెలిక ఉంది. గడియారం ఆగదు. నిద్రపోయినా, తిన్నా, కాలి బొబ్బకు పట్టీ వేసుకున్నా అది తిరుగుతూనే ఉంటుంది. ఖండాన్ని దాటే పరుగులన్నీ ఇట్లా ఉండవు. 1928లో లాస్ ఏంజిలెస్ నుంచి న్యూయార్క్‌కు సి.సి.పైల్ అనే ప్రదర్శనల వ్యాపారి ఒక పోటీ పెట్టాడు. 199 మంది బయల్దేరితే 55 మంది చేరారు. 84 రోజులు నడిచిన ఆ పోటీలో ఏ పూటకాపూట పరుగెత్తిన గంటలనే కూడారు, నిద్ర లెక్కలోకి రాలేదు. గెలిచింది ఆండీ పేన్ అనే 20 ఏళ్ల చెరోకీ యువకుడు, ఓక్లహోమా రైతు కొడుకు. పరుగెత్తింది 573 గంటలు, బహుమతి 25,000 డాలర్లు. ఆ డబ్బుతో ముందుగా ఇంటి పొలం మీది అప్పు తీర్చాడు. పత్తి రైతుల జిల్లాలో కూర్చొని ఈ సంగతి వివరించి చెప్పనక్కర్లేదు.

కోస్టెల్నిక్ వంటివాళ్లది వేరే రకం. బయల్దేరిన క్షణం నుంచి చేరిన క్షణం దాకా మొత్తం లెక్కే. అందుకే నాకు అనిపించేది, ఇక్కడ గెలుపోటములు తేలేది ఆగిన చోట. రోజుకు ఒక్క గంట అటూ ఇటూ పోతే 42 రోజులకు 42 గంటలు, దగ్గర దగ్గర రెండు రోజులు. అంతకు ముందున్న రికార్డు 1980లో ఫ్రాంక్ జియానీనో పెట్టినది, 46 రోజుల 8 గంటల 36 నిమిషాలు. 36 ఏళ్లు దాన్ని ఎవరూ కదిలించలేకపోయారు. కోస్టెల్నిక్ తీసేసింది నాలుగు రోజుల చిల్లర. మొదటి వారాల్లోనే కాలు వాచి ఒక రోజంతా పడుకోవలసి వచ్చినా తీసేశాడు. చీకటితోనే లేచి మధ్యాహ్నం తిండి వేళకు పెద్ద భాగం కానిచ్చి, తిన్నాక మిగతాది పూర్తిచేసి, పొద్దుగూకాక వెంటనే పడుకునేవాడు. వెంట ఒక పెద్ద వ్యాను, అందులో మంచం, వంట, మనుషులు. షూ విప్పే లోపు చేతికి గిన్నె అందాలి. ఆ పని చేసే వాళ్ల పేర్లు రికార్డు పుస్తకంలో ఉండవు.

ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికాకు చెందిన మావిస్ హచిన్సన్ 1978లో, 53 ఏళ్ల వయసులో, అదే అమెరికాను 69 రోజుల్లో దాటింది. ఆ రికార్డు 39 ఏళ్లు నిలిచింది. 2017లో సాండ్రా విలైన్స్ దాన్ని 54 రోజుల 16 గంటలకు దించింది.

నిద్ర తగ్గించుకొని గెలిచిన ఆస్ట్రేలియా ముసలాయన కథ మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. క్లిఫ్ యంగ్, ఆలుగడ్డల రైతు, 61 ఏళ్లు. 1983లో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు 875 కిలోమీటర్ల పోటీలో అందరూ పడుకున్నప్పుడు పరుగెత్తి, 5 రోజుల 15 గంటల్లో చేరాడు. ఇది నిజం. పొలం నుంచి నేరుగా వచ్చిన అమాయకుడు అన్నది మాత్రం మసాలా. ముందటేడే 1,000 మైళ్ల రికార్డుకు దిగి మధ్యలో ఆగిపోయిన మనిషి ఆయన. ఆ అనుభవాన్ని కథలోంచి తీసేస్తే రుచి పెరుగుతుందేమో గానీ, ఆయన పడ్డ కష్టానికి అన్యాయం చేసినట్టే.

ఇక కడుపు. అసలు కష్టం ఇక్కడుందని నా నమ్మకం. కిలో బరువుకు, కిలోమీటరు పరుగుకు ఒక క్యాలరీ ఖర్చవుతుందని మోటు లెక్క. 70 కిలోల మనిషి 116 కిలోమీటర్లు పోతే 8,000 క్యాలరీలు దాటుతాయి. ఊరికే బతికి ఉండటానికి కావలసింది కలిపితే 10,000కు దగ్గర. అన్నంతోనే ఆ లోటు పూడ్చాలంటే రోజుకు ఏడు కిలోలకు పైగా వండిన అన్నం తినాలి. ఎవరి తరమూ కాదు. అందుకే నూనె, వెన్న, ఐస్‌క్రీమ్, చిప్స్, తీపి పదార్థాలు, మామూలు రోజుల్లో డాక్టరు వద్దనేవన్నీ ఇక్కడ మందులే.

అంత తిన్నా ఒంటబడుతుందా? 2015లో అమెరికాలో కొందరు కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్ డి.సి. దాకా 20 వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకో మారథాన్ చొప్పున పరుగెత్తారు. వాళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2019లో ఫలితాలు ప్రచురించారు. నెలల తరబడి సాగే శ్రమలో మనిషి ఖర్చు పెట్టగలిగేది, కదలకుండా పడుకున్నప్పుడు ఒంటికి కావలసిన దానికి రెండున్నర రెట్ల దగ్గర నిలబడిపోతుందట. పేగులు అంతకు మించి అరిగించి అందించలేకపోవడమే కారణం కావచ్చని వాళ్ల అంచనా. మామూలు మగమనిషికి అది సుమారు 4,000 క్యాలరీలు. మిగతాదంతా ఒంట్లోని కొవ్వు మీద, కండ మీద తెచ్చే అప్పే. ఆరు వారాలకు ఆ అప్పు పుడుతుంది, ఆరు నెలలకు పుట్టదు.

మోకాళ్లు అరిగిపోవా అని మీరు అడుగుతారని తెలుసు. 2009లో ఇటలీలోని బారి నుంచి నార్వే ఉత్తరపు కొస దాకా 64 రోజుల్లో 4,487 కిలోమీటర్ల పోటీ జరిగినప్పుడు జర్మన్ వైద్యులు ఎంఆర్ఐ యంత్రాన్ని లారీలో పెట్టుకొని పరుగువాళ్ల వెంట తిరిగారు. మోకాలి మృదులాస్థి, అంటే ఎముకల కొసల మీదుండే మెత్తటి పొర, మొదట్లో దెబ్బతిన్నట్టు కనిపించి, పరుగు ఆగకుండానే చాలావరకు కోలుకుంది. అంతకంటే వింత, మెదడులోని బూడిదరంగు పదార్థం పోటీ ముగిసే నాటికి 6 శాతం దాకా తగ్గి, ఎనిమిది నెలలకు మళ్లీ మామూలైంది. ఈ మాట విన్నాక రేపే బయల్దేరమని మాత్రం నేను చెప్పను.

మరి ఇదంతా నిజంగా పరుగెత్తాడని ఎవరు చూశారు? గ్రౌండులో పోలీసు పరీక్షకు కాలికి చిప్పు కడతారు, గీత దగ్గర మనిషి ఉంటాడు. ఎడారి రోడ్డు మీద అర్ధరాత్రి ఎవరుంటారు? 2016లోనే, కోస్టెల్నిక్ బయల్దేరక ముందు, బ్రిటన్‌కు చెందిన ఒక పరుగువీరుడు ఇదే రికార్డుకు దిగాడు. కాన్సాస్‌లో ఒక రాత్రి ఆయనతో కాసేపు కలిసి పరుగెడదామని స్థానికుడొకరు వస్తే, వ్యాను మెల్లగా పోతోంది గానీ చుట్టుపక్కల పరుగెత్తే మనిషే లేడు. మాట పాకింది. జనం వచ్చి కాపలా కాయడం మొదలుపెట్టారు. ఇండియానా దాకా వెళ్లి ఆయన గాయాలతో విరమించుకున్నాడు. తర్వాత ఆయన స్పాన్సరు కంపెనీయే ఇద్దరు నిపుణులతో విచారణ చేయించింది. చేతి గడియారంలో దొరికిన లెక్కల్లో దూరం ఉంది గానీ దానికి తగ్గ అడుగులు లేవు. ఒక్కో అడుగు మనిషి వేయలేనంత పొడవు తేలింది. వాహనంలోనో, వాహనం మీదనో వెళ్లి ఉంటాడని నివేదిక తేల్చింది. ఆయన ఒప్పుకోలేదు. జీపీఎస్ చుక్క ఒక్కటే చాలదని మాత్రం అందరికీ అర్థమైంది. అది మనిషితో పాటు వ్యానులోనూ ప్రయాణం చేయగలదు.

మన దగ్గరికొస్తే, కశ్మీరు నుంచి కన్యాకుమారి పరుగు ఉండనే ఉంది. ఢిల్లీ విమానాశ్రయంలో ఉద్యోగం చేసిన సూఫియా ఖాన్ 2019లో సుమారు 4,035 కిలోమీటర్లను 87 రోజుల్లో పూర్తి చేసింది. తర్వాత నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్ల మీద 6,002 కిలోమీటర్లను 111 రోజుల లోపే చుట్టింది. రోజుకు 46, 54 కిలోమీటర్లే కదా అని 116తో పోల్చి తక్కువ చేయకండి. దాబా ముందు అడ్డంగా ఆపిన లారీలు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బండ్లు, వెంటపడే కుక్కలు ఆ సగటులో కనపడవు.

శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి పెన్‌గంగ దాటి మన ఆదిలాబాద్‌లోకి దిగుతుంది. గుడిహత్నూర్, ఇచ్చోడ, నిర్మల్, సోన్ దగ్గర గోదావరి వంతెన, ఆర్మూరు, కామారెడ్డి, అట్లా తుంగభద్ర దాకా మన రాష్ట్రంలో దాదాపు 500 కిలోమీటర్లు. అక్టోబరు మొదట్లో శ్రీనగర్‌లో కదిలినవాళ్లు రోజుకు 46 కిలోమీటర్ల చొప్పున వస్తే నవంబరులో, ఆదిలాబాద్ చలి పట్టే వేళకు మన దగ్గరుంటారు.

అప్పుడు వాళ్లకు మనవాళ్ల మంచితనంతోనే చిక్కు. రేడియం జాకెట్ వేసుకొని ఒక మనిషి కుంటుకుంటూ పోతుంటే మనం ఊరుకోం. బండి ఆపి, "ఏమైందే అన్నా, పెట్రోల్ అయిపోయిందా? ఎక్కు, చౌరస్తాల దింపుత" అంటం. ఆయన ఎక్కి వంద మీటర్లు పోయినా అన్ని రోజుల కష్టం గంగపాలు. రాత్రి ఎక్కడ పడుకున్నా సరే, తెల్లారి ముందురోజు పరుగు ఆపిన ఆ చోటికే వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి నీళ్లివ్వండి, ముందు టీ హోటల్ ఎంత దూరముందో చెప్పండి, ఓపికుంటే పక్కన కాసేపు పరుగెత్తండి. బండి మాత్రం ఎక్కించకండి. ఇట్లాంటివాళ్ల దగ్గర సాక్షుల పుస్తకం ఒకటి ఉంటుంది, దారిలో చూసిన వాళ్ల సంతకాల కోసం. అది మీ ముందు చాపితే మీ పేరు, ఊరి పేరు, తేదీ, టైము సరిగ్గా రాసి సంతకం పెట్టి పంపండి.

సెలవు.