గుండ్రంగా వేసిన కుర్చీలు

శ్రోతలకు నమస్కారం.

పెద్దవాళ్ల కోసం సాయంత్రం పూట క్లాసు నడిచే చోటికి ఎప్పుడైనా వెళ్తే, మొదలయ్యే ముందు ఆ గది బయట ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఎవరో ఒకరు గుమ్మం దాకా వస్తారు. లోపలికి తొంగి చూస్తారు. ఫోన్ మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకుని పక్కకి వెళ్లిపోతారు. కాసేపటికి మళ్లీ వస్తారు. ఇల్లు నడిపిన మనిషి, పదిమందికి పని చెప్పిన మనిషి, ఆ గుమ్మం దగ్గర మాత్రం బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా నిలబడిపోతారు. నేనూ అలా నిలబడ్డవాణ్నే. నాది బొమ్మలు వేయడం నేర్పే క్లాసు. మొదటి వారం గుమ్మం దగ్గర నుంచే వెనక్కి వచ్చేశాను. ఇంట్లో మాత్రం క్లాసు బాగుందని చెప్పాను.

పిల్లలకి ఏదైనా రాకపోతే అందులో వింత లేదు, రాదు కాబట్టే బడికి పంపుతాం. పెద్దవాళ్లకి రాకపోతే అదేదో తప్పు చేసినట్టు ఉంటుంది. అందుకే నాకు రాదు అనే మాట యాభై ఏళ్లకి నోట్లోంచి ఊడిపడదు. ఇక నేర్చుకోవడం సంగతి అటుంచి, నాకు కష్టంగా ఉంది అని చెప్పుకోవాల్సి వస్తే మరీ ఇబ్బంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అని మనకో సామెత ఉండనే ఉంది. ఆ సామెత వింటూ పెరిగినవాళ్లం, ముక్కూమొహం తెలియని పదిమంది మధ్య కూర్చుని మన గోడు చెప్పుకోమంటే జంకుతాం. ఆ జంకులో తప్పేమీ లేదు. కానీ ఆ పదిమంది ఎవరన్నదాన్ని బట్టి సంగతి మారిపోతుంది. పెద్దల క్లాసుల గురించీ, ఒకే కష్టం ఉన్నవాళ్లు కలిసి కూర్చునే గ్రూపుల గురించీ ఈ పూట నాలుగు మాటలు.

పెద్దల క్లాసులు కొత్తవి కావు. 1800 ప్రాంతంలో గ్లాస్గోలో జార్జ్ బర్క్‌బెక్ అనే యువ ప్రొఫెసర్ ఉండేవారు. తన పాఠాలకి కావలసిన పరికరాలు చేయించడానికి పనివాళ్ల దగ్గరికి వెళ్లేవారు. చేసి ఇస్తున్నవాళ్లే, ఇది ఎలా పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది అని ఆసక్తిగా ఉండటం ఆయన చూశారు. చెప్పేవాళ్లు లేకనే వీళ్లకి తెలియలేదని అర్థమై, వాళ్ల కోసం ఉచితంగా ఉపన్యాసాలు మొదలుపెట్టారు. 1823లో లండన్‌లో కార్మికుల కోసం ఒక విద్యాసంస్థ స్థాపించడంలో ముందు నిలిచిందీ ఆయనే. పగలంతా పని చేసి సాయంత్రం చదువుకోవాలనుకునే పెద్దవాళ్లకి ఈ రోజుకీ అది పాఠాలు చెబుతోంది, ఆయన పేరుతోనే.

ఉపన్యాసం మంచిదే. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే కదా. కాకపోతే ఉపన్యాసంలో ఒకరు చెబుతారు, మిగతావాళ్లు వింటారు, అయిపోగానే ఎవరి దారి వారిది. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి పేరు కూడా తెలియకుండా గంటన్నర గడిపి రావచ్చు. స్వీడన్‌లో ఇంకో దారి పట్టారు. 1902లో ఆస్కార్ ఓల్సన్ అనే ఆయన స్టడీ సర్కిల్ పద్ధతిని మొదలుపెట్టారు. అందులో మేష్టారంటూ ఉండరు. కొద్దిమంది కలిసి ఒక పుస్తకం తెచ్చుకుంటారు, చదువుతారు, వాదించుకుంటారు. పుస్తకాలు కూడబెడితే అదే చిన్న లైబ్రరీ అవుతుంది. పెద్ద చదువులు లేనివాళ్లు సభలో లేచి మాట్లాడటం, ఎదుటివాళ్ల మాట వినడం అక్కడే నేర్చుకున్నారు. రిటైరైనవాళ్ల కోసం 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో మొదలైన థర్డ్ ఏజ్ యూనివర్సిటీ కథా ఇలాంటిదే. మొదట్లో అక్కడ ప్రొఫెసర్లు వచ్చి పాఠాలు చెప్పేవారు. కొన్నేళ్లకి బ్రిటన్‌కి వెళ్లేసరికి పద్ధతి మారింది. రిటైరైనవాళ్లలోనే అన్నీ తెలిసినవాళ్లు ఉండగా వేరే ప్రొఫెసర్లు ఎందుకనుకున్నారు. సోమవారం పాఠం చెప్పిన ఆవిడ బుధవారం ఇంకొకరి దగ్గర శిష్యురాలు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. క్లాసుగా మొదలైనది తోటివాళ్ల అండగా ఎలా మారుతుందో చూడాలంటే 1905లో బోస్టన్‌లో జరిగింది చెప్పుకోవాలి. జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరుగారు క్షయ రోగులకి వైద్యం చేసేవారు. ఆ జబ్బుకి అప్పటికి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అంతే. శానిటోరియంలో చేరే స్తోమత లేని రోగుల్ని ఆయన వారానికోసారి ఒక గదిలో కూర్చోబెట్టి, ఇంట్లో ఎలా ఉండాలో చెప్పేవారు. దాన్ని ఆయన క్లాసు అనే పిలిచారు. రోగులు రోజూ ఏం తిన్నారో, జ్వరం ఎంత ఉందో పుస్తకంలో రాసుకుని తెచ్చేవారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక, టైమూ లేక అందర్నీ ఒకచోట చేర్చారు, అంతకు మించి ఆలోచన లేదు. కానీ కొన్నాళ్లకి ఆయన గమనించింది వేరు. బరువు పెరిగిన మనిషిని చూసి పక్కనున్న మనిషికి ధైర్యం వస్తోంది. ఒకే జబ్బు ఉన్నవాళ్లు కలిసి కూర్చోవడంలోనే ఏదో ఉందని ఆయనకి తోచింది.

ఆ ఏదో ఏమిటన్నది ఇంకా బాగా తెలిసింది 1935లో, అమెరికాలోనే ఏక్రన్ అనే ఊళ్లో. బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకరు వ్యాపారం పని మీద ఆ ఊరు వచ్చారు. అంతకు ముందు తాగుడుతో జీవితం పాడుచేసుకుని, మానేసి అప్పటికి అయిదు నెలలు. వచ్చిన పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉన్నారు. లాబీలో ఒకవైపు బార్ పిలుస్తోంది. ఆయనకి తట్టిన ఉపాయం చూడండి. నన్ను ఆపేవాడు కాదు, నేను వెళ్లి మాట్లాడేందుకు ఇంకో తాగుబోతు కావాలి అనుకున్నారు. ఎందుకంటే ఆ అయిదు నెలల్లో ఆయన చాలామందితో తాగుడు మాన్పించాలని చూశారు. ఒక్కరూ మానలేదు. కానీ ఆ తిరుగుళ్లలో తను మాత్రం తాగలేదు. ఫోన్ మీద ఫోన్ చేసి, చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ ఆచూకీ పట్టుకున్నారు. స్మిత్ గారు పావుగంట కంటే ఎక్కువ కూర్చోనని ముందే చెప్పి వచ్చారు. రాత్రి పదకొండు దాటేదాకా లేవలేదు.

ఆయన్ని అన్ని గంటలు కూర్చోబెట్టింది నీతులు కాదు. తాగితే ఒంటికి ఏమవుతుందో డాక్టరుకి ఇంకొకరు చెప్పాలా? విల్సన్ తన కథ మాత్రమే చెప్పుకొచ్చారు. ఈ మనిషి చదివి చెప్పడం లేదు, పడి చెబుతున్నాడు అని స్మిత్ గారికి తెలిసిపోయింది. ఆ జూన్ 10న ఆయన ఆఖరిసారి తాగారు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు అండగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘానికి ఆ తేదీనే పుట్టినరోజుగా లెక్కపెడతారు. ఇంకొకరికి సాయపడేవాడు ముందు తనే బాగుపడతాడన్న సంగతికి 1965లో ఫ్రాంక్ రీస్‌మన్ అనే పండితుడు ఒక పేరు కూడా పెట్టారు. పేరు రాకముందే పని జరిగిపోయిందన్నమాట.

ఇదే సంగతి తాగుడు ఒక్కదానికే కాదు. మతిమరుపు జబ్బు ఉన్న తల్లిని చూసుకుంటున్న కూతురి సంగతి తీసుకోండి. అడిగిందే అడుగుతుంటే ఒక రోజు అమ్మ మీద అరిచేసింది. రాత్రంతా ఏడ్చింది. ఈ మాట తమ్ముడితో అంటే, అమ్మ కదా అక్కా, కాస్త ఓపిక పట్టాలి అంటాడు. వాడు వచ్చేది ఆదివారాలు మాత్రమే. అదే మాట తనలాంటి ఎనిమిది మంది ఉన్న గదిలో అంటే, ఒకావిడ, నేను నిన్ననే అరిచానమ్మా అంటుంది. ఇంకొకాయన, నాకు సాయంత్రాలు మరీ కష్టం, ఆ టైములో పాత పాటలు పెడుతున్నాను, కొంచెం నయం అంటాడు. జబ్బు ఏమీ తగ్గలేదు. కానీ ఇంటికి వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి తను చెడ్డదాన్ని అనుకుంటూ వెళ్లదు. కడుపు చించుకున్నా కాళ్ల మీద పడనిది అక్కడే.

అలాగని ప్రతి గ్రూపూ మంచిదని నేను చెప్పను. గదిలో విన్నది గదిలోనే వదిలి రావాలి, ఈ మాట మొదటి రోజే చెప్పని చోట నోరు విప్పకండి. మందులు మానేయమని చెప్పేవాళ్లుంటే లేచి వచ్చేయండి. గ్రూపు డాక్టరుకి తోడు, డాక్టరు బదులు కాదు. ఏదైనా అమ్మజూపినా అంతే. గంటలో యాభై నిమిషాలు ఒక్కరే మాట్లాడుతుంటే ఆ తప్పు మాట్లాడేవాళ్లది కాదు, నడిపేవాళ్లది. మీరు వెళ్లిన మొదటిసారి ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు, నేను ఈసారి వింటానండి అంటే చాలు. దగ్గరివాళ్లు పోయి ఇంకా నాలుగు వారాలు కాని మనిషికి పదిమంది దుఃఖం వినడం బరువు కావచ్చు. కొన్నాళ్లు ఆగి వెళ్లడంలో తప్పు లేదు.

మీ దగ్గర్లో అలాంటిది లేకపోతే మీరే పెట్టుకోవచ్చు. పెద్ద హంగామా అక్కర్లేదు. అదే చోటు, వారంలో అదే రోజు, అదే వేళ, ఈ మూడూ మారకుండా ఉంటే మిగతాది నడుస్తుంది. కుర్చీలు వరసల్లో కాకుండా గుండ్రంగా వేయండి. వరసల్లో వేస్తే అందరూ ముందున్న ఒక్కరినే చూస్తారు, గుండ్రంగా వేస్తే ఒకరి మొహం ఒకరికి కనబడుతుంది. మూడో వారమో నాలుగో వారమో జనం పల్చబడతారు, టెన్షన్ పడకండి. ఇద్దరే వచ్చారని ఆ రోజు తలుపు మూసేయకండి. ఏక్రన్‌లో ఆ సాయంత్రం మాట్లాడుకున్నదీ ఇద్దరే.

నా బొమ్మల క్లాసుకి టైమవుతోంది. ఇంతవరకు గుర్రం కాళ్లు కుదరలేదు. సెలవు, నమస్కారం.