ఎండ బాల్కనీలో జాలువారే మొక్కలు: ముందు ఎండను లెక్కపెట్టండి, తర్వాత ఆకును చూడండి

[దృశ్యం: రెయిలింగ్‌కు వేలాడుతున్న కుండీ. ఆకుల నిండా గోధుమరంగు మచ్చలు.]

ఇది నా మనీ ప్లాంట్. నీడలో ఉన్నంతకాలం నిగనిగలాడేది. కిందికి జాలువారితే ఎంత బాగుంటుందోనని తెచ్చి ఎండ బాల్కనీలో వేలాడదీశాను. వారం తిరక్కుండా ఇలా మాడిపోయింది. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోశాను. దాంతో వేరు కూడా కుళ్లింది.

అందుకే మొక్క కొనేముందు ఒక సెలవు రోజున ఈ పని చేయండి. పొద్దున్నుంచి గంటకోసారి ఒకే చోట నిలబడి బాల్కనీని ఫోన్‌లో ఫొటో తీయండి. నేరు ఎండ 6 గంటలకు మించి పడుతుంటే అది నిజంగా ఎండ బాల్కనీ. గంటలు ఒక్కటే చూస్తే చాలదు. పొద్దుటి ఎండకు తట్టుకునే మొక్క మధ్యాహ్నపు ఎండకు వాడిపోవచ్చు. పడమటి బాల్కనీలో అయితే గోడ, గచ్చు కాగిపోయి పొద్దు వాలాక కూడా వేడి చిమ్ముతూనే ఉంటాయి.

[దృశ్యం: రెండు ఆకులు పక్కపక్కన. ఒకటి వెడల్పుగా, పల్చగా. ఇంకోటి సన్నగా, ఉబ్బుగా.]

ఇక ఆకు. వెడల్పాటి మెత్తటి ఆకులోంచి నీరు త్వరగా ఆవిరైపోతుంది. చిన్న ఆకు, కండ పట్టిన ఆకు, నూగున్న ఆకు సాధారణంగా ఎండకు నిలబడతాయి. పేరు తెలియని మొక్క కనిపించినా ముందు ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూడండి.

[దృశ్యం: గడ్డి గులాబీ, బాగా దగ్గరగా.]

నన్నడిగితే మొదటి మొక్క గడ్డి గులాబీయే. టేబుల్ రోజ్ అని కూడా అంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఆకు చూడండి, చిన్న గొట్టంలా ఉంది. గోటితో నొక్కితే నీరు చెమర్చుతుంది. మన గంగవాయిలి కూరకు ఇది దగ్గరి చుట్టం, అదే ప్రజాతి. ఎండెక్కాక పూలు విచ్చుకుని, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి. మబ్బు పట్టిన రోజున చాలా మొగ్గలు తెరుచుకోవు. పువ్వు ఉండేది ఒక్క రోజే, కానీ మర్నాటికి ఇంకో మొగ్గ సిద్ధంగా ఉంటుంది. ఆఫీసుకు పొద్దున్నే వెళ్లి చీకటిపడ్డాక వచ్చేవాళ్లు మాత్రం పువ్వును ఆదివారమే చూస్తారు!

కొమ్మ నాటడం కూడా చూపిస్తాను. 3, 4 అంగుళాల ముక్క తుంచండి. కింది ఆకులు తీసేయండి. తడి మట్టిలో గుచ్చండి, అంతే. రోజూ నీళ్లు పోయకండి. దీన్ని ఎండ కంటే అతి తడే ఎక్కువగా చంపుతుంది.

దీనికి జోడీగా బేబీ సన్ రోజ్ పెట్టుకోవచ్చు. దక్షిణాఫ్రికా మొక్క, మందపాటి ఆకులు, చిన్న గులాబీరంగు పూలు. పూల కోసం రోజూ ఎదురుచూసే ఓపిక లేదంటారా? పర్పుల్ హార్ట్ తెచ్చుకోండి. ఎండ ఎంత తగిలితే ఆకు అంత ముదురు ఊదారంగుకు తిరుగుతుంది. నీడలో పెడితే ఆకుపచ్చగా మారి డీలాపడుతుంది. జాలువారే లాంటానా కూడా మొండి మొక్కే, కానీ దాని ఆకులు జంతువులకు విషం. కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో వద్దు.

పెటూనియా అందం గురించి చెప్పక్కర్లేదు. కానీ వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచాలి, ముదురు ఎండాకాలంలో అది నీరసిస్తుంది. ఆకుల కోసం పెంచే చిలగడదుంప తీగ ఎండకు ఓర్చుకుంటుంది గానీ నీళ్లు మాత్రం దండిగా కావాలి. మధ్యాహ్నం తలవాల్చేసి సాయంత్రానికి మళ్లీ లేస్తుంది, టెన్షన్ పడకండి.

[దృశ్యం: వేలాడే కుండీ తాళ్లకు చుట్టుకుంటూ పైకి పోతున్న శంఖుపుష్పం.]

ఇదిగో, చాలామంది పడే పొరపాటు. తీగ కదా, కిందికి దిగుతుందని శంఖుపుష్పం వేలాడదీస్తారు. అది చుట్టుకుని ఎక్కే రకం. కుండీ తాళ్లు పట్టుకుని పైకే పోతుంది.

కుండీ సంగతి రెండు ముక్కల్లో. మరీ చిన్నది వద్దు, ఎండకూ గాలికీ మట్టి ఇట్టే ఆరిపోతుంది. కొక్కెం కొనేముందు నీళ్లు పోసిన కుండీని ఎత్తి చూడండి. లీటరు నీళ్లంటే కిలో బరువు మరి.

[దృశ్యం: కింద గుబురుగా వేలాడుతూ, పైన మట్టి కనిపిస్తున్న కుండీ. చేతిలో కత్తెర.]

కొన్ని నెలలయ్యాక ఏ జాలువారే మొక్కకైనా ఇలా పైన బట్టతల వస్తుంది. చూస్తూ ఊరుకోకండి. వేలాడే కొమ్మల్లో కొన్నిటిని సగానికి కత్తిరించండి. గడ్డి గులాబీ, పర్పుల్ హార్ట్ అయితే ఆ ముక్కల్నే అదే కుండీలో, ఖాళీగా ఉన్నచోట, ఇదిగో ఇలా గుచ్చేయండి.