ఊరి పేరు చెప్పేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

కొత్తవాళ్లు పరిచయం కాగానే "మీదే ఊరు?" అంటారు. చాలామంది ఠక్కున చెప్పేస్తారు. చెడ్డపేరు పడ్డ ఊళ్లో పుట్టినవాడికి మాత్రం ఆ ప్రశ్న వస్తుందంటేనే టెన్షన్. ఊరి పేరు మింగేసి జిల్లా పేరు చెబుతాడు, లేదంటే పక్కనున్న పెద్ద ఊరి పేరు చెప్పి మాట మార్చేస్తాడు. అవతలివాడు "అబ్బో, ఆ ఊరా!" అంటాడేమోనని లోపల బెరుకు. అదే మనిషి కొన్నేళ్ల తర్వాత ఎవరూ అడగకుండానే తన ఊరి పేరు చెబుతున్నాడంటే, మధ్యలో ఏదో జరిగినట్టే. ఈవేళ ఆ మధ్యలో జరిగిన సంగతే మాట్లాడుకుందాం.

దగ్గరలోని ఉదాహరణ సూరత్. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వచ్చిందన్న వార్త పొక్కగానే లక్షల మంది రైళ్లు, బస్సులు పట్టుకుని ఊరు వదిలిపోయారు. వాళ్లు దిగిన ప్రతిచోటా జనం హడలిపోయారు. సూరత్ అంటే మురికి అన్న ముద్ర దేశమంతా పడింది. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు అనే అధికారి మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఆయన పెట్టిన నినాదం సరదాగా ఉంటుంది: 'ఏసీ నుంచి డీసీకి'. ఏసీ అంటే ఏసీ గది, డీసీ అంటే డైలీ చోర్స్, అంటే రోజువారీ పనులు. అధికారులు పొద్దున్నే కుర్చీలు వదిలి వీధుల్లోకి రావాల్సిందే, చెత్త కుప్ప దగ్గర నిలబడాల్సిందే. రాత్రిపూట కూడా రోడ్లు ఊడ్పించారు. రెండేళ్లు తిరక్కుండానే దేశంలోని శుభ్రమైన నగరాల వరసలో సూరత్ పేరు వినిపించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది. ఈ కథలో పెద్ద కట్టడాలేవీ లేవు. చీపురు, పార, మురుగుకాలువ. నాకు నచ్చిందీ అదే.

అన్ని ఊళ్ల జబ్బూ చీపురుతో పోయేది కాదనుకోండి. కొలంబియాలో మెడెయిన్ అనే నగరం ఉంది. లోయలో ఊరు, చుట్టూ నిటారు కొండలు, ఆ కొండల మీద ఇటుక ఇళ్ల పేదపేటలు. మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ స్థావరం అదే. 1991లో అక్కడ ప్రతి లక్షమందికి సుమారు 380 మంది హత్యకు గురయ్యారు. ప్రపంచంలో అంతకన్నా ప్రమాదకరమైన నగరం లేదనేవారు. 1993 డిసెంబరులో ఎస్కోబార్ పోలీసుల చేతిలో చనిపోయాడు. సినిమా అయితే అక్కడితో శుభం కార్డు పడేది. ఊరికి అలాంటి కార్డులుండవు. హత్యలు ఇంకా చాలాకాలం సాగాయి.

మారిందెలా అంటే, ముందు దారి పడింది. 1995లో లోయలో మెట్రో రైలు నడిచింది. 2004లో ఆ మెట్రోకి కలిపి కొండ మీది పేటకి కేబుల్ కారు వేశారు. తీగ మీద వేలాడే చిన్న పెట్టెలు, యాత్రాస్థలాల్లో మనం సరదాకి ఎక్కుతామే, అవే. ఇక్కడ వాటిలో పనికి వెళ్లేవాళ్లు, బడికి వెళ్లే పిల్లలు కూర్చున్నారు. 2011 చివర్లో కమూనా 13 అనే పేటలో ఏకంగా కొండ మీదికి ఎస్కలేటర్లు కట్టారు. అంతకుముందు సామాను మోసుకుంటూ 28 అంతస్తుల మేడ ఎక్కినంత మెట్లెక్కాలి. మోకాళ్లు నొప్పెట్టే పెద్దావిడకి ఆ ఎస్కలేటర్ ఏమిటో ఏ ప్రణాళికా పత్రమూ చెప్పలేదు.

2004లో, కేబుల్ కారు మొదలైనప్పటి మేయర్ సెర్హియో ఫహార్దో లెక్కల మాస్టారు. పేదవాడు కదా, ఏదో ఒకటి కట్టి పారేద్దాం అనకూడదని, ఊరిలో అందమైన కట్టడాలు పేదపేటల్లోనే లేవాలని ఆయన పట్టు. డబ్బు ఎక్కడిదంటారా? కరెంటు, నీళ్లు అందించే సంస్థ నగరానిదే. దాని లాభాల్లో పెద్ద వాటా నగర ఖజానాకే చేరుతుంది. అన్నీ సవ్యంగా జరగలేదు. ఎంతో పేరొచ్చిన ఒక గ్రంథాలయ భవనం కొన్నేళ్లకే దెబ్బతిని మూతపడింది. అయినా ఇటీవలి సంవత్సరాల్లో హత్యల లెక్క లక్షకి 20 లోపుకి దిగింది. అక్కడివాళ్లు మెట్రోని ఇంటి గదిలా చూసుకుంటారు. గోడల మీద గీతలుండవు, సీట్లు చింపరు.

ఇక్కడ ఒక చిక్కు. ఊరు మారాక ప్రపంచం చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది మాత్రం ఎస్కోబార్ ఇల్లెక్కడ అని! అతని బొమ్మ ఉన్న చొక్కాలు కొనుక్కుని ఫొటోలు దిగుతారు. తమ్ముణ్ణో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లు దాన్ని చూస్తూ ఊరుకోవాలి. 2019 ఫిబ్రవరిలో నగరపాలకులు అతను కాపురమున్న మొనాకో అనే మేడని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఆ స్థలంలో హతుల జ్ఞాపకార్థం పార్కు కట్టారు. మంచి పని. అయితే మేడని కూల్చినట్టు గతాన్ని కూల్చగలమా అని నాకో సందేహం.

ఆ సందేహం ఊరికే రాలేదు. కమూనా 13కే మరో పుండు ఉంది. 2002 అక్టోబరులో గెరిల్లాల ఏరివేత పేరుతో సైన్యం ఆ పేట మీద పెద్ద దాడి చేసింది. ఆ రోజుల్లో చాలామంది కనిపించకుండా పోయారు. పిల్లల్ని పొట్టనబెట్టుకుని, పక్కనే ఉన్న కట్టడాల శిథిలాల గుట్టలో పూడ్చేశారని తల్లులు ఇరవయ్యేళ్లకు పైగా మొత్తుకున్నారు. వాళ్లకి పిచ్చి అన్నవాళ్లూ ఉన్నారు. టూరిస్టులు అదే పేటలో ఎస్కలేటర్లెక్కి, రంగురంగుల గోడబొమ్మలు చూసి, "ఎంత మారిపోయింది!" అంటూ దిగిపోతున్నారు. మారిన మాట నిజమే. 2024 డిసెంబరులో ఆ గుట్టలో మనుషుల ఎముకలు బయటపడ్డాయి.

తర్వాతి నెలలో కొందరు కుర్రాళ్లు నగరంలో ఒక గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు: "ముసలమ్మలు చెప్పిందే నిజం." ఊరు మురికిగా కనిపిస్తోందని నగరపాలకులు దాని మీద బూడిదరంగు కొట్టించారు. ఊరి మీద ప్రేమతోనే కొట్టించి ఉంటారని అనుకుందాం. కొద్దిరోజులకే జనం రంగు డబ్బాలు పట్టుకుని అదే గోడ దగ్గరికి వెళ్లి, ఆ మాటనే మళ్లీ రాశారు.