దీవిలో ఏరిన చెత్తకి పడవ ఏది?

నమస్కారం, చెన్నై నుంచి. మన బెసెంట్ నగర్ బీచ్‌లో చెత్త ఏరితే, సంచులు రోడ్డు దాకా మోస్తే చాలు. కార్పొరేషన్ బండి ఎత్తుకుపోతుంది. మనుషులే లేని దీవికి ఆ బండి రాదు. అందుకే అక్కడి లెక్క పడవ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

దక్షిణ పసిఫిక్‌లోని హెండర్సన్ దీవే చూడండి. 2019లో వెళ్లిన బృందం ఆరు టన్నులు ఏరింది. తీరా చూస్తే చుట్టూ పగడపు దిబ్బలు, వాటి మీద విరుచుకుపడే అలలు. ఏరిందంతా ఒడ్డునే వదిలి రావాల్సి వచ్చింది.

టన్ను పట్టే జంబో బ్యాగు చూడ్డానికి బాగుంటుంది. క్రేన్ లేనిచోట దాన్నెవరు ఎత్తుతారు? 25 కిలోల బియ్యం సంచే నయం, ఇద్దరు చెరో కొసా పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడవొచ్చు. కాకపోతే ఆ సంచి కొన్ని నెలల ఎండకే పెళుసెక్కి పిగిలిపోతుంది. పడవ తేదీ ఖాయం కాకుండా నింపి పెట్టారో, ఏరిందే మళ్లీ ఏరాలి.

ముందు తీయాల్సినవి వలలు. సీషెల్స్‌లోని అల్డాబ్రా దీవిలో పేరుకున్న చెత్త బరువులో 83 శాతం చేపల వేట సామానే అని అంచనా. మన కాసిమేడు చేపల రేవులో కుప్పలుగా కనిపించే నైలాన్ వలలాంటివే అక్కడ సగం ఇసుకలో పూడిపోయి ఉంటాయి. లాగకండి. పగడం విరుగుతుంది, మీ నడుమూ పట్టేస్తుంది. చుట్టూ ఇసుక తవ్వి, రంపంలాంటి పళ్లున్న కత్తితో ముక్కలు కోసి, అక్కడే దులిపి ఆరబెట్టండి. తడి ఇసుకకి పడవ కిరాయి కట్టడం శుద్ధ దండగ!

సీసాల్ని చిన్నచూపు చూడొద్దు. ఖాళీ శంఖుల్లో కాపురముండే సన్యాసి పీతలు వాటిలోకి దూరి, జారుడుకి పైకి రాలేక చస్తాయి. చచ్చిన పీత వాసనకి, శంఖు ఖాళీ అయిందనుకుని ఇంకో పీత వస్తుంది. హిందూ మహాసముద్రంలోని కొకోస్ (కీలింగ్) దీవుల్లో ఇలా చెత్తలో చిక్కి చచ్చినవి ఐదు లక్షలకు పైనే అని లెక్కగట్టారు. కాబట్టి ముందు సీసా దులపండి, తర్వాత నలిపి, గాలి పోయాక మూత బిగించండి. మళ్లీ ఉబ్బదు.

గోరంత ప్లాస్టిక్ ముక్కల కోసం ఇసుక జల్లెడ పట్టాలని కొందరికి ఉబలాటం. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డున ఆ పని చెయ్యకండి, వదిలేయండి.

మన మన్నార్ సింధుశాఖలోని 21 దీవుల మీదైతే అటవీ శాఖ అనుమతి లేకుండా కాలే పెట్టకూడదు. అనుమతి దొరికితే, పోటు ఎక్కుతుండగానే సంచులు ఎక్కించండి. నీళ్లు తీస్తున్నప్పుడు పడవ దిబ్బ మీద కూర్చుందంటే, తర్వాతి పోటు దాకా కదలదు.